ఉప్పురేవులో కుడిచేతి తీర్మానం

ఉప్పురేవు మునిసిపాలిటీ వారికి అంతకుముందు కుడిఎడమలతో ఏ పేచీ లేదు. వీధి దీపాలతో ఉంది, పందులతో ఉంది, స్టీమరు కంపెనీ దొరలతో ఉంది. కానీ ఎవరి కుడిచెయ్యి జోలికీ ఎడంచెయ్యి జోలికీ వాళ్ళెన్నడూ పోలేదు. ఇదంతా బయస్కోపు తెచ్చిపెట్టిన తంటా.

రేవుకు పోయే దారిలో, ఉప్పు కొటార్ల పక్క ఖాళీ జాగాలో గ్రంధి కోటిలింగం గారు డేరా వేసి బయస్కోపు పెట్టారు. డేరా లేవగానే మునిసిపాలిటీ వారు పదిహేడో నిబంధన అని ఒకటి చేసి ఆయన చేతిలో పెట్టారు. "సదరు ప్రదర్శనశాలయందు స్త్రీలును పురుషులును ఒకరికొకరు కనబడు రీతిని కూర్చొనరాదు. స్త్రీలున్న భాగమున పురుషుడెవ్వడును కాలు మోపరాదు" అని దాని సారాంశం. కోటిలింగం గారు రెండు రోజులు బుర్ర గోక్కున్నారు. ఇంకో డేరా వెయ్యాలంటే ఇంకో మిషను కావాలి. మూడో రోజున ఆయనకే తట్టింది, గుడ్డకి రెండు పక్కలుంటాయి కదా అని! డేరా మధ్యలో తెర కట్టించి, ముందువైపు మగవాళ్ళనీ వెనకవైపు ఆడవాళ్ళనీ కూర్చోబెట్టేశారు. ఆట మొదలెట్టే ముందు తెరమీద బొక్కెనతో నీళ్ళు చల్లేవారు. గుడ్డ తడిస్తే బొమ్మ అవతలికి దిగుతుంది. నీళ్ళు కూడా దిగేవనుకోండి. మొదటి వరస ఆడవాళ్ళు నెత్తిన కొంగు కప్పుకుని చూసేవారు.

వెనకనుంచి బొమ్మ బాగానే కనబడేది. కాకపోతే తిరగబడి కనబడేది. రాజుగారు ఎడంచేత్తో కత్తి దూసేవారు, ఎడంచేత్తో భోంచేసేవారు. మునీశ్వరులు ఎడంచేత్తో దీవించేవారు. మొదటి రెండు రోజులూ ఆడవాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు. మూడో రోజుకి అలవాటైపోయింది. మొగుళ్ళకే అలవాటు పడినవాళ్ళకి పుర్రచెయ్యి ఒక లెక్కా?

ఆ వెనక గుమ్మానికి కాపలా వరహాలమ్మ. ఆవిడ మొగుడు స్టీమరు మీద సరంగు, ఏడాదికి రెండుసార్లు కనబడి మూడోసారి కనబడతానని ఒట్టేసి పోయే రకం. పదేళ్ళు రేవులో అట్లు అమ్మింది వరహాలమ్మ. స్టీమరు కూత మించి వినబడాలి కదా, గొంతు అలా సాగింది. కోటిలింగం గారు ఆవిణ్ణి పెట్టుకున్నది టిక్కెట్లు చింపడానికే. కానీ బొమ్మకి మాట లేదు. ముందువైపు ఓ హరిదాసు గారు కర్ర పట్టుకుని కథ చెప్పేవారు గానీ, ఆ కథ తడిగుడ్డ దాటి ఇవతలికి వచ్చేది కాదు. "ఏమంటున్నాడే వాడు?" అని ఓ ముసలమ్మ అడిగింది. వరహాలమ్మ చెప్పింది. అంతే, ఆనాటినుంచి వెనకవైపు కథ ఆవిడది. రాకుమారి అడవిలో ఏడుస్తుంటే ఎందుకేడుస్తోందో, ఆ పూట ఏం తిందో, అత్తగారు చాటున ఏమందో అన్నీ వరహాలమ్మకి తెలుసు. ముందువైపు మగవాళ్ళు కూడా కొందరు హరిదాసు గారిని వదిలేసి తెర పక్కన చెవి ఒగ్గి కూర్చునేవారు. అట్లు అమ్మినన్నాళ్ళూ ఆవిణ్ణి "ఏయ్, అట్లమ్మా" అనేవాళ్ళు. ఇప్పుడు ఎనభైమంది ఆడవాళ్ళు నోరు తెరుచుకుని ఆవిడ నోటివంక చూస్తున్నారు. ఆ సుఖం ఆవిడకి ప్రాణంతో సమానం. దాన్ని ఎవరైనా లాక్కుంటారేమోనని అప్పుడప్పుడు భయం వేసేది కూడాను.

లాక్కునేవాళ్ళు రానే వచ్చారు.

'పద్మగంధి పరిణయం' అని రెండు భాగాల బొమ్మ వచ్చింది. మొదటి భాగం నాడు చైర్మన్ గారి తల్లి సూరాంబ గారు మొట్టమొదటిసారి డేరాకి వేంచేశారు. చైర్మన్ అంటే రావు బహద్దూర్ మందపాక విశ్వపతి పంతులు గారు. కలెక్టరు ముందు చేతులు కట్టుకునేవారు, అమ్మ ముందు నోరు కట్టుకునేవారు. పెళ్ళి ఘట్టం వచ్చింది. రాజకుమారుడు తాళి కట్టాడు. సూరాంబ గారు ముందుకు వంగి చూశారు.

"ఏమే, వాడు ఏ చేత్తో కట్టాడు?"

"ఎడం చేత్తోనమ్మగారూ."

"ఎడం చేత్తో తాళా!"

"ఇక్కడందరూ పుర్రచేతివాళ్ళేనండి. ఇందాకా ఆ మునీశ్వరుడు సంధ్య వార్చడం చూడలేదేటి?"

వరహాలమ్మ ఉన్న మాటే చెప్పింది పాపం. ఉన్న మాటంటే ఊరికే అంత ఉలుకని అప్పటికింకా ఎరగదు.

మర్నాడు చైర్మన్ గారింట్లో పాలు తోడుకోలేదు. ఆవకాయ జాడీకి బూజు పట్టింది. సాయంత్రానికి వంటాయన చెప్పాపెట్టకుండా రంగూను స్టీమరెక్కేశాడు. సూరాంబ గారు కొడుకుని పిలిచి నిలదీశారు.

"ఊళ్ళో ముత్తైదువలందర్నీ కూర్చోబెట్టి ఎడంచేతి పెళ్ళి చూపిస్తున్నారురా నీ ఏలుబడిలో. నువ్వు చైర్మనువా, గుమ్మడికాయవా?"

వెంటనే కౌన్సిలు అర్జెంటు సమావేశం జరిగింది. మేనేజరు జోగారావు గారు తీర్మానం చదివారు. "సదరు తెర వెనుక భాగమున మంగళకార్యములు వామహస్తముతో జరుగుచున్నట్లు మా దృష్టికి వచ్చియున్నది. ఇందుమూలముగా తెలియజేయునదేమనగా, ఏడు దినములలోగా సదరు హస్తమును సరిచేయవలెను."

తాఖీదు పట్టుకుని కోటిలింగం గారు లబోదిబోమంటూ డేరాకి వచ్చారు. "ఆ చెయ్యి నాదైతే సరిచేసుకుందును. ఎవడిదో చెయ్యి, ఎక్కడో బొంబాయిలో ఊపాడు. నేనేం చెయ్యను?"

మిషను తిప్పే దస్తగిరి తమలపాకు నములుతూ విన్నాడు. "దీనికింత రగడెందుకు షావుకారు గారూ? రీలు తిరగేసి ఎక్కిస్తే సరి. వెనకవాళ్ళకి కుడిచెయ్యి అవుద్ది, ముందువాళ్ళకి ఎడంచెయ్యి అవుద్ది."

"రోజు విడిచి రోజు తిప్పండి బాబూ," అంది వరహాలమ్మ. "ఒకనాడు వాళ్ళకి, ఒకనాడు మాకు. కష్టం సుఖం పంచుకున్నట్టుంటది."

ఆ మాట అర్జీగా కౌన్సిలుకి వెళ్ళింది. కౌన్సిలు మండిపడింది. ముందు వరసలో కలెక్టరు దొరగారు కూర్చుంటారే, ఈ దేశంలో పెళ్ళిళ్ళు ఎడంచేత్తో జరుగుతాయని దొరగారు గెజెట్టులో రాసేసుకుంటే మన గతేం కావాలి? "పైగా రీలును త్రిప్పుట సామాన్య విషయము కాదు. ఇంజనీరు అభిప్రాయము రావలెను, ఎస్టిమేటు తయారు కావలెను. ఉజ్జాయింపున మూడు మాసములు" అని జోగారావు గారు ఫైలు మీద రాశారు. ఇకమీదట తాళి ఎడంచేత్తోనే కట్టించవలసిందిగా బొంబాయి వారికి ఓ ఉత్తరం కూడా రాశారు. దానికి జవాబు రాలేదు.

అసలు అది ఎడంచెయ్యేనా అని మూడో వార్డు మెంబరుకి అనుమానం వచ్చింది. వెళ్ళి చూద్దామంటే పదిహేడో నిబంధన అడ్డం, మగవాడు వెనక్కి పోకూడదు. అది చేసిందీ వాళ్ళే. అందుకని వరహాలమ్మని సాక్ష్యానికి పిలిపించారు.

"నీవు చూచినది ఎడమచేయి యని నీకెట్లు తెలియును?" అన్నారు చైర్మన్ గారు.

"నాకూ రెండు చేతులున్నాయండి. పోల్చి చూసుకున్నాను."

"ఆ పురుషుడు నీ వైపు తిరిగి ఉండెనా, వీపు చూపెనా?"

"నా వైపేనండి. వీపు చూపి తాళెలా కడతాడు బాబూ?"

"ఆగుము. ఎదుటివాని కుడి మనకు ఎడమవైపున ఉండును. అది తెర వెనుక మరల కుడి యగును. అపుడు ఎడమ యన నేది?"

ఎవరికీ అంతుపట్టలేదు. ఏడో వార్డు మెంబరు లేచి నిలబడి కుడిచెయ్యి ఎత్తి చూసుకున్నాడు. ఆయనకెదురుగా మూడో వార్డు మెంబరు లేచి ఎడంచెయ్యి ఎత్తాడు. ఇద్దరి మధ్యా జోగారావు గారు తన ఉత్తరీయం తెరలా పట్టుకున్నారు. చూస్తుండగా కౌన్సిలంతా లేచింది. చేతులెత్తి గోడవైపు తిరిగారు, కిటికీవైపు తిరిగారు, చైర్మన్ గారు కూడా గిర్రున ఓ చుట్టు తిరిగి కళ్ళు తిరిగి కూలబడ్డారు. వరహాలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "సభ్యులందరును విషయమును అన్ని కోణములనుండియు పరిశీలించిరి" అని మినిట్సులో ఎక్కింది.

ఏమీ తేలలేదు కనక మధ్యంతర ఉత్తర్వు ఒకటి పుట్టింది. "తెర వెనుక ఎడమచేయి కనబడినపుడెల్ల గంట వాయింపవలెను. సదరు చేతిని కుడిచేయిగా భావింపవలెనని కథ చెప్పు స్త్రీ బిగ్గరగా ప్రకటింపవలెను. తప్పినచో స్త్రీల భాగము మూసివేయబడును."

ఆ సాయంత్రం ఆరున్నర ఆటకి వరహాలమ్మ చేతిలో గంట పెట్టారు. తెర అవతలివైపు, మగవాళ్ళ భాగంలో, జవాను ఒకడు గంటలు లెక్క చూసుకుంటూ నిలబడ్డాడు.

"రాజుగారు ఎడంచేత్తో..." గణగణ. "అంటే మీకు కనబడే ఎడంచేత్తో, మునిసిపాలిటీ వారి లెక్క ప్రకారం కుడిచేత్తో కత్తి దూశాడమ్మా. ఆ దుర్మార్గుడు కూడా..." గణగణ. "వాడూ మునిసిపాలిటీ కుడిచేత్తోనే దూశాడు. ఇద్దరూ..." గణగణ. "అయ్యో నా తల్లో, నాలుగు చేతులొచ్చేశాయి!"

"చంపేశాడా లేదా చెప్పవే!" అని వెనకనుంచి అరుపులు. చెప్పేలోపలే ఆ దుర్మార్గుడు చచ్చి, వాడి తమ్ముడు కూడా చచ్చాడు. కథంతా గంటలో కొట్టుకుపోయింది. రేవులో పదేళ్ళు అరిచినా బొంగురుపోని గొంతు ఒక్క ఆటకి బొంగురుపోయింది. ఆట అయ్యాక వరహాలమ్మ ఆ గంటను దోసిట్లో పట్టుకుని ఓ మూల కూర్చుంది. కడుపు మండిపోయింది ఆవిడకి, ఏడుపు కూడా వచ్చింది.

అయినా నాలుగు రోజులు ఎలాగో నెట్టుకొచ్చింది. ఐదో నాడు సూరాంబ గారు మళ్ళీ వచ్చారు. పెళ్ళి సరే, దానికి గంట కొట్టారు. తరవాత పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ అగ్నిహోత్రం చుట్టూ తిరిగారు. తెర వెనకనుంచి చూస్తే అప్రదక్షిణంగా తిరిగారు.

"అది చావుకి తిరిగే తిరుగుడే!" అని సూరాంబ గారు కెవ్వుమన్నారు. ఉత్తర్వులో చేతికి గంట ఉంది గానీ కాలికి లేదు. ముత్తైదువలందరూ మంగళసూత్రాలు కళ్ళకద్దుకున్నారు.

ఇంక మూసెయ్యడమేనన్నారు చైర్మన్ గారు. వచ్చే శనివారం నుంచి ఆడవాళ్ళకి బయస్కోపు లేదు. శనివారం నాడేమో పద్మగంధి రెండో భాగం.

వరహాలమ్మ తిన్నగా చైర్మన్ గారి పెరటిగుమ్మానికి పోయింది. బతిమాలలేదు, ఏడవలేదు. "అమ్మగారూ, మూస్తే మూశారు. ఆ పద్మగంధిని అత్తగారు అడవిలో వదిలేసి పోయింది కదండీ, అది నెల తప్పిందని మీకు తెలుసా?" అంది.

సూరాంబ గారు చేస్తున్న దీపపు వత్తి చేతిలోనే ఉండిపోయింది. "ఎప్పుడే? నాకెవరూ చెప్పలేదే?"

"గంట మోతలో మీకు వినబడుండదు."

ఆ రాత్రి భోజనాల దగ్గర సూరాంబ గారు కొడుకుతో అన్నారు. "మూసేముందు నీ కళ్ళతో నువ్వు చూడరా. పరాయివాళ్ళ మాట పట్టుకుని తొందరపడతావేం?" నిబంధనల్లో కూడా అదే ఉందని మర్నాడు కచేరీలో జోగారావు గారు చెప్పారు. మూసివేతకు ముందు కౌన్సిలు ప్రత్యక్ష పరిశీలన చెయ్యాలి. ఎటొచ్చీ ఆడవాళ్ళున్న చోటికి మగవాళ్ళు వెళ్ళకూడదు కనక ఆడవాళ్ళని అక్కణ్ణుంచి లేపాలి. లేపితే ఎక్కడ పెట్టాలి? ముందువైపు పెట్టాలి. అక్కడున్న మగవాళ్ళని? ఒకరికొకరు కనబడకూడదు కనక వెనక్కి పంపాలి. "పరిశీలనార్థము ఒక్క దినము మాత్రము" అని సంతకాలయ్యాయి.

శనివారం సాయంత్రం ఉప్పురేవు ఆడవాళ్ళు పుట్టి బుద్ధెరిగాక మొట్టమొదటిసారి తెరకి ముందు కూర్చున్నారు. నీటిబొట్టు లేదు, కొంగు కప్పుకోనక్కర్లేదు. మిషను దగ్గర దస్తగిరికి చుట్టూ తడిక కట్టారు. దీపం ఆరి బొమ్మ పడింది.

వరహాలమ్మ కథ సంగతే మరిచిపోయి తెరవంక చూసింది. ఇన్నాళ్ళూ తడిగుడ్డ వెనకనుంచి తను చూసిందంతా సగం సగమేనని అప్పుడు తెలిసింది. పద్మగంధి కంటి కాటుక కనబడుతోంది. ముక్కుపుడక కనబడుతోంది. కన్నీటిబొట్టు చెంపమీద ఎక్కడ ఆగి ఎక్కడినుంచి మళ్ళీ జారిందో కనబడుతోంది. ఇంత దగ్గరగా ఉన్న పిల్లని ఇన్నాళ్ళూ నాకు చూపించలేదా వీళ్ళు, అని ఆవిడకి ఒళ్ళు మండింది, ఆనందం కూడా పట్టలేకపోయింది.

"అబ్బ, పిల్ల బంగారమే!" అన్నారు సూరాంబ గారు, ముక్కు చీదుకుంటూ. "వరహాలూ, కథ చెప్పవే. ఊరుకున్నావేం?"

అప్పుడు చెప్పింది వరహాలమ్మ. గంట లేదు, అడ్డు లేదు. ఆ పూట చెప్పినట్టు ఆవిడ అంతకుముందు ఎన్నడూ చెప్పలేదు.

తెర వెనకాల కౌన్సిలు తడుస్తూ పరిశీలించింది. ఎడంచెయ్యేనని ఏకగ్రీవంగా తేలింది. ఆట విడిచాక ఆడవాళ్ళని మళ్ళీ వెనక్కి పొమ్మంటే సూరాంబ గారు ముందువరసలో కదలకుండా కూర్చున్నారు. "ఎడంచెయ్యి ఆడవాళ్ళకి అరిష్టమని తేల్చావుగా. మళ్ళీ అక్కడికే పొమ్మంటావా?" అన్నారు కొడుకుతో.

చైర్మన్ గారు తడిసిన ఉత్తరీయం పిండుకుంటూ ఇంటిదారి పట్టారు. సోమవారం తీర్మానం వచ్చింది. "స్త్రీలు సుకుమారహృదయులు గావున వారికి కుడిచేయి కనబడు ముందుభాగము శాశ్వతముగా కేటాయింపబడినది. పురుషులు స్వభావముచేత దృఢచిత్తులు గావున ఎడమచేతిని చూచియు చలింపరు."

దృఢచిత్తులు వారం రోజులు కూడా ఆగలేదు. కలెక్టరు దొరగారి టోపీ తడిసిపోయింది. ఏడో వార్డు మెంబరుకి పడిశం పట్టింది. తమ ఎదుట రాజులు ఎడంచేత్తో తింటుంటే తమకి అన్నం సయించడం లేదని బారు లాయర్లు మహజరు పెట్టారు. స్థలాలు మార్చమంటే ఇంట్లో అమ్మ ఉంది. చైర్మన్ గారు దస్తగిరిని పిలిపించారు.

"రీలును త్రిప్పగలవా?"

దస్తగిరి ఆకు నోట్లో వేసుకున్నాడు. అది నమిలి ఉమ్మేసేలోపల రీలు తిరగేసి ఎక్కించేశాడు. తెర వెనకాల రాజుగారు హాయిగా కుడిచేత్తో భోంచేశారు. ఇంజనీరు లేడు, ఎస్టిమేటు లేదు. మాకైతే మూడు మాసాలా, వాళ్ళకైతే ఆకు నమిలినంతసేపా అని వరహాలమ్మ పళ్ళు నూరింది.

తెరకి ముందు మాత్రం ఇప్పుడు ఎడంచెయ్యి వచ్చింది.

ఆ సంగతి మూడో వార్డు మెంబరుకి మూడు రోజులకి తట్టింది. ఆడవాళ్ళకి కుడిచేయి కనబడాలని తీర్మానం ఉంది కదా, కనబడుతోందా? వెళ్ళి చూడ్డానికి పదిహేడో నిబంధన అడ్డం. మళ్ళీ వరహాలమ్మకి పిలుపొచ్చింది. కచేరీ వరండాలో ఇరవైమంది ఆడవాళ్ళు వచ్చి కూర్చున్నారు.

"ముందుభాగమున ఇపుడు ఏ చేయి కనబడుచున్నది? దేవుని సాక్షిగా చెప్పుము" అన్నారు చైర్మన్ గారు.

వరహాలమ్మ జన్మలో అబద్ధం ఆడలేదని కాదు. కథ చెప్పేవాళ్ళకి అది కూడుపెట్టే విద్య. కానీ కచేరీలో దేవుడి మీద ప్రమాణం చేసి ఎన్నడూ ఆడలేదు. కిందటిసారి ఉన్నదున్నట్టు చెప్పినందుకు చేతికి గంట వచ్చింది. ఈసారి నిజం చెబితే మళ్ళీ తడిగుడ్డ వెనక్కి. లేదా అసలు డేరాలోకే రావద్దంటారు. పద్మగంధి చెంపమీద కన్నీటిబొట్టు గుర్తొచ్చింది ఆవిడకి.

"కుడిచెయ్యేనండి బాబూ."

"ప్రదక్షిణము?"

"గుళ్ళో చేసినట్టేనండి."

"అదెట్లు?" అని మూడో వార్డు మెంబరు లేచాడు. "తెర ఒక్కటే కదా. వెనుకనుండి చూచిన మాకును కుడిచేయి, ముందునుండి చూచిన వారికిని కుడిచేయి ఎట్లగును?"

చైర్మన్ గారు కళ్ళజోడు తీసి ఆయనవంక జాలిగా చూశారు. "కౌన్సిలు తీర్మానము చేసిన పిదప దానికి విరుద్ధముగా చేయి ఎట్లు కనబడునయ్యా?"

అంతటితో చర్చ ముగిసింది. "తెరకు ఉభయపార్శ్వముల కుడిచేయియే కనబడుచున్నట్లు నిర్ధారణ యైనది" అని జోగారావు గారు రాసి ముద్ర వేశారు.

ఆ సాయంత్రం మళ్ళీ పద్మగంధి మొదటి భాగం వేశారు. రాజకుమారుడు తెరంత ఎడంచేత్తో తాళి కట్టాడు. వరహాలమ్మ తలతిప్పి సూరాంబ గారి వంక చూసింది. తల్లి ఒక్క మాట అంటే చాలు, కొడుకు మర్నాడు డేరా పీకించేస్తాడు.

"కుడిచేత్తో కట్టాడమ్మా!" అంది వరహాలమ్మ, తెర అవతలికి వినబడేలా.

సూరాంబ గారు ఆ చెయ్యివంక చూశారు, వరహాలమ్మ వంక చూశారు. కాళ్ళు బారజాపుకుని సర్దుకున్నారు.

"కనబడుతూనే ఉంది లేవే. తరవాతేమైందో చెప్పు."